పహణిలో లేని పేరు



నాది తుమకూరు జిల్లా పావగడ తాలూకా మంగళవాడ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, చేలో శెనక్కాయ. వాన రాని ఏడు ఎండను తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు మా తాలూకాలోనే తిరుమణి, వళ్లూరు చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఆ ఎండనే కరెంటు చేస్తోంది. రైతుల భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్లకోసారి 5 శాతం పెరిగే కౌలు. భూమి రైతు పేరనే నిలిచింది. అది మంచి పద్ధతని మనసారా నమ్ముతాను.

అయితే ఆ చేలో కలుపు తీసిన ఆడకూలికీ, బీళ్లలో గొర్రెలు మేపుకున్న కాపరికీ పహణిలో, అంటే భూమి రికార్డులో, పేరు లేదు. కౌలు డబ్బు పహణిని చూసే వస్తుంది.

భూమి లేనివాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలన్న పాఠం గనుల చట్టం దెబ్బలు తిని నేర్చుకుంది. 2011లో సుప్రీంకోర్టు మొదట బళ్లారిలో, తర్వాత చిత్రదుర్గ, మన తుమకూరు జిల్లాల్లో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపించింది. ఆ తర్వాత గనుల చట్టానికి 2015 సవరణతో 9బి సెక్షన్ వచ్చింది. జిల్లా ఖనిజ నిధికి రాయల్టీ మీద పాత లీజులు అదనంగా 30 శాతం, వేలంలో వచ్చిన కొత్తవి 10 శాతం కట్టాలి. ఆ సొమ్ము ఎవరి కోసమో చెప్పడానికి మార్గదర్శకాలు 2013 భూసేకరణ చట్టంలోని 'బాధిత కుటుంబం' నిర్వచనాన్ని తెచ్చుకున్నాయి. సెంటు భూమి లేకున్నా, భూసేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడి పని మీదే బతికిన కూలీలు, కౌలుదారులు అందులో ఉన్నారు. ఆ వాక్యం చదివినప్పుడల్లా రాసిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

మా ఊళ్లకు మాత్రం అది అందలేదు. కౌలు భూసేకరణ కాదు కనుక 2013 చట్టం వర్తించదు. ఎండ ఖనిజం కాదు కనుక 9బి రాదు. రెండు చట్టాల నడుమ మా కూలీ నిలబడి ఉంది.

న్యాయశాస్త్ర పట్టా అందుకున్న మీలో కొందరు రేపు ఇలాంటి కౌలు పత్రాలే రాస్తారు. కూలీకీ కాపరికీ వాటా పెట్టే షరతు ఒకటి రాసి, మంగళవాడకు పంపండి. మా రచ్చబండ దగ్గర నేనే చదివి వినిపిస్తాను. వాళ్లు చెప్పిన సవరణలు మీకు తిరిగి పంపిస్తాను.