నోటిలెక్క

పత్తికొండ మార్కెట్‌లో 23 బాక్సుల టమోటా, బాక్సు 180 రూపాయల చొప్పున పోయిందనుకోండి. ఎక్కాలు వల్లెవేసిన పాతతరం రైతు ఫోను తీయడు. ఇరవై బాక్సులకు 3,600, మూడింటికి 540, మొత్తం 4,140 అని నిలబడినచోటే చెప్పేస్తాడు. వెంట వచ్చిన ఇంటర్ కుర్రవాడి చెయ్యి మాత్రం జేబులోకి పోతుంది.

2023లో ‘అసర్’ విద్యా సర్వే గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను పరీక్షించింది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటే సగం మందికి పైగా చేయలేకపోయారు. స్మార్ట్‌ఫోన్ మాత్రం దాదాపు 90 శాతం ఇళ్లలో ఉంది. తప్పంతా ఫోనుదే అనను, బడిలో పునాది గట్టిగా పడకపోవడమూ ఉంది. కానీ వాడని లెక్క మరపున పడుతుంది. పైగా క్యాలిక్యులేటర్ కోసం తీసిన ఫోనులో వాట్సాప్ మోగుతుంది, రీల్ కదులుతుంది, లెక్క సగంలో ఉండగానే ధ్యాస జారిపోతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. వేలు తప్పి సున్నా ఒకటి తగ్గితే, 4,140కి బదులు వచ్చే 414ను చూసి ఉలిక్కిపడడానికైనా మనసులో ఒక అంచనా ఉండాలి కదా! తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, కమీషను, హమాలీ ఎంత కోశారో రేపు చూసుకోవాల్సింది ఆ పిల్లవాడే. పిల్లలను అంగడికి పంపేటప్పుడు ముందు మొత్తం నోటితో చెప్పించండి, తర్వాతే ఫోనులో సరిచూడమనండి.