పాఠం అప్పగించలేని బిడ్డ

 

ధార్మిక సోదరులారా! 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచివేసింది. రోజుల తరబడి నీరు కదలలేదు. ఆనాడు మనం అన్నం పొట్లాలు, పాలు, నీళ్ళ సీసాలు పంచాం, ఇళ్ళలోని బురద ఎత్తిపోశాం. అల్లాహ్ స్వీకరించుగాక. అయితే ఆ ఇళ్ళ పిల్లలు తిరిగి బడికి, మక్తబ్‌కు వచ్చినప్పుడు వారి లోపల ఏం మిగిలిపోయిందో మనం అడగలేదు.

మా మక్తబ్‌లో తొమ్మిదేళ్ళ బాలుడొకడు ముప్పయ్యో పారా సగం వరకు కంఠస్థం చేశాడు. వరద తర్వాత నాలుగు ఆయతులు కూడా నిలకడగా అప్పగించలేకపోయాడు. వాన మొదలైతే సంచీ తీసుకొని మెట్ల దగ్గరకు వెళ్ళిపోయేవాడు. సోమరితనమని అనుకున్నాం. అందరి ముందూ నిలబెట్టి కోప్పడ్డాం. బెత్తం కూడా లేచింది. చివరికి వాడి తల్లి వచ్చి చెప్పింది: చీకట్లో మెట్లెక్కి వస్తున్న నీటిని చూసి, చెల్లెలి చెయ్యి పట్టుకొని మేడపైకి పరుగెత్తిన నాటి నుండి, మెట్లు కనబడని చోట వాడు కూర్చోలేకపోతున్నాడని.

తప్పు మాది. మింబర్‌పై నుండే ఒప్పుకుంటున్నాం.

ఘోరాన్ని చూసిన బిడ్డ శరీరం, ఆపద గడిచిపోయిందంటే వెంటనే నమ్మదు. మనసు అహోరాత్రాలు కాపలా కాస్తూంటే పాఠం ఎక్కడ నిలుస్తుంది? కొందరు చిన్న శబ్దానికే ఉలిక్కిపడతారు. కొందరు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు, కడుపునొప్పి అంటారు, తరగతిలోనే నిద్రలోకి జారుకుంటారు. మరికొందరు తోటివారిపై చేయి చేసుకుంటారు; మనం అందరికన్నా ముందు బయటికి పంపేది వీరినే. వరద ఒక్కటే కాదు, తండ్రి మరణమైనా, ఇంట్లో నిత్యం సాగే కొట్లాటైనా బిడ్డను ఇదే స్థితికి తెస్తుంది.

అలాంటి బిడ్డతో ‘సబ్ర్ చెయ్యి బాబూ’ అని ఊరుకోవడం మనకు అలవాటు. యూసుఫ్ (అలై) కోసం దుఃఖించి యాఖూబ్ (అలై) కళ్ళు తెల్లబడ్డాయని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. సుందరమైన సహనాన్ని ఆశ్రయించిందీ ఆ ప్రవక్తే. ఆయన కన్నీరు సహనానికి విరుద్ధం కానప్పుడు, ఈ పసివాడి కన్నీరు ఎలా అవుతుంది?

బాలుడైన అబూ ఉమైర్ (రజి) పెంచుకున్న పిట్ట చనిపోతే, దైవప్రవక్త (సఅసం) వాడి విచారాన్ని గమనించి, ఆ పిట్ట సంగతే ఆప్యాయంగా అడిగారు. పిట్ట చావు ఎంతటిదని అనలేదు. నమాజులో తెలియక మాట్లాడిన ముఆవియా బిన్ హకమ్ (రజి)ను కసరలేదు, కొట్టలేదు. నమాజు ముగిశాక నెమ్మదిగా వివరించారు. అంతకన్నా మంచి బోధకుణ్ణి ముందుగానీ తర్వాతగానీ చూడలేదని ఆ సహచరుడు జీవితాంతం గుర్తుంచుకున్నారు.

ఉస్తాదులకు, బడిలో బోధించే సోదర సోదరీమణులకు మా మనవి. అలాంటి బిడ్డను తనకు నచ్చిన చోట, కావాలంటే తలుపు పక్కనే, కూర్చోనివ్వండి. వెనుక నుండి వచ్చి హఠాత్తుగా భుజం పట్టుకోకండి. ఈ రోజు ఏం చదువుతామో, ఎప్పుడు వదులుతామో ముందే చెప్పండి. తర్వాత ఏం జరుగుతుందో తెలిసినప్పుడు భయం కొంత తగ్గుతుంది. జరిగినదంతా అందరి ముందూ చెప్పమని ఒత్తిడి చేయకండి. చెప్పాలనిపించినప్పుడు వినడానికి ఒక పెద్దమనిషి ఉన్నాడని తెలిస్తే చాలు. ‘పాపం, యతీం’ అని పదిమందిలో పరిచయం చేయడం కూడా గాయమే.

2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 2012 సవరణ ప్రకారం ఆ చట్టం మదరసాలకు వర్తించదని కొందరు గుర్తుచేస్తారు. నిజమే. కానీ బెత్తం ఉంచుకోవడానికి అల్లాహ్ సన్నిధిలో ఈ సవరణ చూపగలమా?

దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించి ఊరుకునే తల్లిదండ్రులూ ఉన్నారు. దుఆ చేయండి, తప్పక చేయండి. చికిత్స చేయించుకోమన్నదీ దైవప్రవక్తే (సఅసం). వారాలు గడిచినా బిడ్డ నిద్రపోకపోతే, తిండి మానేస్తే డాక్టరుకు చూపించండి. టెలి మానస్ వారి 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లోనే బిడ్డకు హాని జరుగుతోందని తెలిస్తే 1098కి చెప్పండి. పరువు పోతుందని దాచకండి.

ఆ బాలుడు ఇప్పుడు మెట్లు కనబడే చోటే కూర్చుంటున్నాడు. మొన్న సూరా అజ్జుహా అప్పగించాడు, మధ్యలో రెండుసార్లు ఆగి. అనాథగా పెరిగిన ప్రవక్తను ఓదార్చిన సూరా అది.

వానాకాలం మళ్ళీ దగ్గర పడుతోంది. నమాజు తర్వాత ఉస్తాదులు, కమిటీ సభ్యులు దయచేసి ఆగండి. మక్తబ్‌లో ఏ బిడ్డ ఏ చోట కూర్చోవాలో, ఎవరి ఇంటికి వెళ్ళి మాట్లాడాలో ఈ రోజే నిర్ణయించుకుందాం. బెత్తం ఇప్పటికే గదిలోనుండి తీసివేశాం.