పట్టా ఒక్కటే చాలదు, నేల మన ఉమ్మడిలో ఉండాలి

(ఏలూరులో ఒక పేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ ఇల్లు అద్దెకడిగితే ఇంటాయన ముందు అడిగేది అద్దె సంగతి కాదు. "మీరేవిట్లు?" అంటాడు. చెప్పామో, ఇల్లు ఖాళీ లేదు! అందుకే సొంతిల్లు మనకు సౌఖ్యం కాదు, ఆత్మగౌరవం.

ప్రభుత్వాలు ఏమీ ఇవ్వలేదని మేమనం. 2020 డిసెంబరు 25 నుంచి ఆడవాళ్ల పేర పట్టాలు పంచారు. పట్నంలో కుటుంబానికి ఒక్క సెంటు, అంటే 48 గజాలు. టిడ్కో ఇళ్లలో 300 అడుగులది రూపాయికే అన్నారు. 365, 430 అడుగులవైతే బ్యాంకు అప్పు. ఎక్కడ, ఎంత, ఎవరికి అని నిర్ణయించింది మాత్రం పేట కాదు. పైగా ఆస్పత్రి ఖర్చొస్తే పట్టా షావుకారు పెట్టెలోకి పోతుంది. అసైన్డ్ నేల అమ్మకూడదని 1977లోనే చట్టం చేశారు. అయినా తెల్లకాయితం మీద చేతులు మారుతూనే ఉంది.

సంఘం పెడితే సరిపోతుందా? పక్కనున్న కొల్లేరుని అడగండి. 1976లో మత్స్యకారుల, దళితుల పేర సొసైటీలు పెట్టి చేపల చెరువులిచ్చారు. పెట్టుబడి లేక చాలామంది లీజుకిచ్చారు. లీజుదారే యజమాని అయి కూర్చున్నాడు. 2006లో అయిదో కాంటూరు లోపలి గట్లు ప్రభుత్వమే తెగ్గొట్టింది. పేరు మనది, పెత్తనం వాళ్లది అయితే జరిగేదిదే.

మరి దారేది? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా ముందు 80 ఎకరాలు కావాలని నోరు విప్పింది దళితులే. దానాన్ని మేం పొగడం. చెమటోడ్చినోడికి నేల దానమేంటి? కానీ భూదానం వెనకాలే గ్రామదానం వచ్చింది, నేల ఊరుమ్మడిది అనే మాట వచ్చింది. ఆ మాట సముద్రాలు దాటింది. 1969లో అమెరికా జార్జియాలో నల్లజాతివాళ్లు 'న్యూ కమ్యూనిటీస్' పేర దాదాపు 5,700 ఎకరాలు ఉమ్మడిగా సంపాదించారు. 1985లో అప్పుల్లో ఆ నేల పోయినా పద్ధతి బతికింది. బోస్టన్ నగరంలో డడ్లీ వీధి పేదలు అదే పట్టుకున్నారు. నేల ట్రస్టుది, ఇల్లు కుటుంబానిది, లీజు 99 ఏళ్లు. అమ్మితే ముందే ఒప్పుకున్న ధరకే అమ్మాలి.

"అయితే ఇల్లు నాది కాదా?" అని ఒక అక్క అడిగింది. ఇల్లు నీదేనమ్మా, నీ పిల్లలదే. నేలని మాత్రం ఏ షావుకారూ మింగలేడు.

కాబట్టి మేం చెప్పేదిది. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. పేటకో సంఘం పెట్టుకుందాం. పాలకవర్గంలో సగానికి పైగా ఆడవాళ్లుండాలి. నెలనెలా లెక్కలు అందరి ముందూ చదవాలి. కష్టమొస్తే అప్పు సంఘమే ఇవ్వాలి, ఇల్లు అమ్మాల్సొస్తే సంఘానికే అమ్మాలి. ఇకమీదట ఇచ్చే నేల ఆ సంఘం పేరే ఇవ్వమని సర్కారుని నిలదీద్దాం.

ఇల్లు అడుక్కునే రోజులు చాలు. నేల మీద పెత్తనం అడుగుదాం!

జై భీమ్!