పిల్లలు చేనుకొస్తే ఏం చూపిద్దాం?

(జహీరాబాద్‌లో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన కమిటీ మీటింగ్‌లో ఒక అన్న నన్ను నిలబెట్టి అడిగాడు. "సంఘమన్నంక ధర కోసం కొట్లాడాలె, భూమి కోసం కొట్లాడాలె. నువ్వేందే, పట్నం బడి పిల్లలను ఎంటేసుకొని చెల్కల పొంటి తిరుగుతున్నవ్?" అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాటకు జవాబు బాకీ ఉన్నా. అందుకే ఈ రోజు అడిగి మరీ టైమ్ తీసుకున్నా.

మన దిక్కు చూడటానికి బయటివాళ్లు రావడం కొత్త కాదు. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పని చేస్తున్నది. బడి మొఖం చూడని దళిత అక్కలు ఊరూరా సంఘాలు పెట్టి విత్తనాలు కాపాడారు. మాచ్‌నూర్‌లో 1993లో పచ్చసాలె మొదలైంది. చదువుతోపాటు చేతిపనులు నేర్పే బడి అది. అదే ఊళ్లో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మాట్లాడటం మొదలుపెట్టింది. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర బండ్లు కదులుతాయి. 2019లో ఈ అక్కలకు ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇవన్నీ విని పట్నం బడులు బస్సులు కట్టుకొని మన ఊళ్ల దాకా వస్తున్నాయి. మంచిదే. వచ్చిన పిల్లలకు మనం ఏం చూపిస్తున్నామన్నదే నా గోస.

మా ఊరికి మొదటిసారి వచ్చిన బస్సు సంగతి చెప్తా. తొమ్మిదో తరగతి పిల్లలు, నలభై మంది దాకా ఉన్నారు. ఎడ్లతో ఫోటోలు దిగారు. అక్కలను వరసగా నిలబెట్టి పాట పాడించారు. గంపల్లో గింజలు చూపించి "ఇది కొర్ర, ఇది సామ, ఇది తైద" అని నేనే లెక్చర్ కొట్టాను. జొన్నరొట్టె తిన్నారు, చేతులు కడుక్కున్నారు, బస్సెక్కారు. ఒక్క పిల్ల చేతికి కూడా మట్టి అంటలేదు. పాట పాడిన అక్కకు ఆ రోజు కూలి పోయింది. మనం ఎగ్జిబిషన్‌లో బొమ్మలమా అనిపించింది నాకు.

తర్వాతి బస్సు వచ్చేసరికి పద్ధతి మార్చాను. లెక్చర్ బంద్. నూనె డబ్బాలు నాలుగు తెచ్చి రెండు దిక్కులా మూతలు కోయించాను. పిల్లలను జట్లు చేసి, డబ్బాను నాలుగు వేళ్ల లోతు మట్టిలో దిగగొట్టమన్నాను. అందులో లీటరు నీళ్లు పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో ఫోన్‌లో టైమ్ పెట్టమన్నాను. ఒక జట్టు మా పక్క చేనులో. ఆ అక్క ఏటా పెంట తోలుతుంది, కందిలో జొన్న, బొబ్బర, పుంటికూర అన్నీ కలిపి వేస్తుంది. ఇంకో జట్టు నా చేనులో. అక్క చేనులో అయిదు నిమిషాలు కాకముందే డబ్బా ఖాళీ. నా చేనులో పావుగంటైనా నీళ్లు అట్లనే నిలబడి ఉన్నాయి. ట్రాక్టర్ తొక్కీ తొక్కీ గట్టిపడింది, పెంట తోలక ఏళ్లయింది. పిల్లల ముందర నా పరువు పోయింది. కానీ ఆ పావుగంటలో నేను నేర్చుకున్నది ఏ ట్రైనింగ్‌లోనూ నేర్చుకోలేదు. ఆ ఏడే పది బండ్ల పెంట కొన్నాను.

నీళ్ల లెక్క ఇంకొకటి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్లు. 25 మిల్లీమీటర్లు పడిందంటే లక్ష లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 20. ఈ లెక్క పిల్లలే కట్టారు, కట్టి నోరు తెరిచారు. ఆ లక్ష లీటర్లలో ఎన్ని చేనులో ఆగాయి, ఎన్ని వాగులో పడి పోయాయి అన్నది నూనె డబ్బా చెప్తుంది. బోరు మీద బోరు వేసి అప్పులైన మనకు ఈ లెక్క అక్కర లేదంటారా?

వానాకాలంలో వచ్చినవాళ్లతో కంది మొక్కను మన్నుతో సహా లేపించి నీళ్లలో కడిగించాను. వేళ్లకు బుడిపెలు కనిపిస్తాయి. గోటితో గిల్లితే లోపల గులాబీ రంగు ఉంటే, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే పని నడుస్తున్నట్టు. రంగు పోయి ఆకుపచ్చగానో బూడిదగానో ఉంటే పని ఆగినట్టు. పుస్తకంలో రైజోబియం అని బట్టీ పట్టిన పిల్లలు వేలితో గిల్లి చూడటం అదే మొదలు. నేనూ యాభై దాటినాకే గిల్లి చూశాను, దాచుకునేదేం లేదు.

ఇక విత్తనం. వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెసంచి మీద వరసలుగా పేర్చి, చుట్టి, నీడన పెట్టి రోజూ తడపాలి. వారానికి విప్పి మొలకలు లెక్కపెట్టాలి. పిల్లలు సంచులు బడికి తీసుకుపోయి లెక్క ఫోన్‌లో చెప్పారు. జొన్నకైనా కందికైనా సర్టిఫైడ్ విత్తనం నూటికి కనీసం 75 మొలవాలని నిబంధన. బూడిద, వేపాకు వేసి మట్టితో మెత్తిన గంపలో దాచిన ఇంటి విత్తనం ఒక ఏడు బ్రహ్మాండంగా మొలిచింది. మరో ఏడు, కోతప్పుడు ముసురు పట్టిన ఏడు, నూటికి 61 మాత్రమే. ఆ 61ని కూడా నోట్‌బుక్‌లో రాయమన్నాను. మనదైతే గొప్ప, దుకాణంలోదైతే చెడ్డ అని ముందే రాసుకుంటే అది పరీక్ష కాదు, భజన.

దీంట్లో సంఘానికి పనికొచ్చే ముచ్చట ఉంది. విత్తనం మొలవకపోతే దుకాణం ముందర ధర్నా చేస్తాం. "మీరే లోతుగా వేసిన్రు, మీరే తడి చూసుకోలేదు" అని మన మీదికే తోస్తారు. విత్తడానికి ముందే వంద గింజల లెక్క తేదీతో రాసి, బిల్లు, సంచి, దాని ట్యాగ్, కొన్ని గింజలు దాచిపెట్టుకుంటే మన మాటకు బలమొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఒక చలికాలం వచ్చిన బస్సులో ఒక ఆడపిల్ల అడిగింది, "అంకుల్, మీకు ఎకరానికి ఎంత మిగులుతుంది?" అని. "బాగనే మిగుల్తది బిడ్డా" అన్నాను. పక్కన నిలబడ్డ అక్క కిసుక్కున నవ్వి, "పిల్లలతోని గూడ అబద్ధమేనా తమ్మీ?" అన్నది. తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత వచ్చిన జట్టుకు మా ఇంటి జమాఖర్చుల నోట్‌బుక్, తక్‌పట్టీలు ముందర పెట్టాను. లెక్క కట్టండి అన్నాను. దున్నకం, విత్తనం, మందు, కోత కూలి అన్నీ కలిపారు. ఒక పిల్లవాడు అడిగాడు, "ఆంటీ కలుపు తీసిన రోజులకు కూలి ఎక్కడ రాశారు?" ఎక్కడా లేదు. ఇరవై ఎనిమిదేళ్ల సంసారంలో రాయాలని నాకు తట్టనే లేదు. ఆమెనే పిలిచి అడిగారు. ఆ పంటలో 31 రోజులు చెప్పింది, వేళ్ల మీద లెక్కపెట్టి. అది కలపగానే మిగులు కాస్తా తగులైంది. 2024-25లో కంది మద్దతు ధర క్వింటాలుకు 7,550 రూపాయలు. నా తక్‌పట్టీలో అంతకన్నా తక్కువే ఉంది. "సర్కారు చెప్పిన ధరకు ఎందుకు అమ్మలేదు?" అని వాళ్లు. నేను అమ్మే రోజుకు మాకు దగ్గరలో కొనుగోలు కేంద్రం తెరవలేదని, అప్పటిదాకా ఆగితే బాకీవాళ్లు ఆగరని చెప్పాను. పిల్లలు నిశ్శబ్దంగా రాసుకున్నారు. అన్నా, నువ్వడిగిన ధర కొట్లాట అక్కడే ఉంది. రేపు వీళ్లలో ఎవరు ఆఫీసర్ అవుతారో, ఎవరు ధర నిర్ణయించే కుర్చీలో కూర్చుంటారో మనకు తెల్వదు. కంది పప్పు తినేవాళ్లయితే అందరూ అవుతారు.

నన్ను కోసే మాట ఇంకొకటుంది. ఈ డబ్బాలు, ఈ సంచులు అన్నీ పట్నం పిల్లలు పట్టుకున్నారు. మన జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లలు చేను గట్టున్నే ఉండి ఒక్కసారీ రాలేదు. ఒకసారి మా ఊరి పదో తరగతి పిల్లలు అయిదుగురిని పిలిచి కొర్ర, సామ కలిపి పోసి వేరు చేయమన్నాను. రైతుల పిల్లలే, అయిదుగురిలో ఇద్దరికే తెలిసింది. తప్పు వాళ్లది కాదు. చదువంటే చేను విడిచిపోవడమని మనమే ఇంట్లో నూరిపోశాం. చేతిపనితో చదువు కలపాలని గాంధీ 1937లో వార్ధా సభలో చెప్పాడు. 2020 విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు సంచి లేకుండా పది రోజులు చేతిపనులు నేర్పమన్నది. కాగితం ఉంది, అడిగేవాళ్లే కావాలి. హెడ్‌మాస్టర్ దగ్గరికి మనమే పోదాం. పాముల భయం, ఎండ భయం వాళ్లకు ఉంటుంది, న్యాయమే. బూట్లు వేసుకొని రావాలని, పొద్దున పదకొండు లోపే ముగిస్తామని, మందు కొట్టిన చేనులో అడుగు పెట్టనియ్యమని ముందే చెప్దాం.

పట్నం బస్సులు మాత్రం ఊరికే రానక్కర లేదు. నేర్పే అక్కకు ఆ రోజు కూలి, వంటకు వేరుగా డబ్బులు బడివాళ్లు ఇయ్యాలి. ముప్పై మందికి మించి వద్దు. పాటలు అక్కలకు బుద్ధి పుడితే పాడతారు, ప్రోగ్రాంలో రాయొద్దు. కొలిచిన లెక్కల కాపీ ఒకటి ఊరికి ఇచ్చి పోవాలి. అది పంచాయతీ గోడ మీద అంటిద్దాం, నా పావుగంటతో సహా.

వానాకాలం విత్తనాలకు ముందే వంద గింజల పరీక్ష ప్రతి ఊరి కమిటీ స్థానిక హైస్కూల్ పిల్లలతో చేయించాలని నా ప్రతిపాదన. ఊళ్ల పేర్లు రాసే నోట్‌బుక్ చాయ్ బల్ల దగ్గర పెట్టాను. డబ్బాలు నేనే కోయించి పంపిస్తా. ఇంట్లో పాత నూనె డబ్బాలుంటే మాత్రం సామానోళ్లకు వేయకండి.