కోళ్లయింటి కంపు - దాని నివారణ



పెరటిలో ఒక చిన్న కొట్టము వేసి, నేలపై ఊక పరచి, యాభయ్యో నూరో గ్రుడ్ల కోళ్లను పెంచుకొను వారు మీలో అనేకులున్నారు. శిక్షణ తరగతులకు వచ్చినప్పుడు వారు నన్ను తరచుగా అడుగు ప్రశ్న ఇది: “అయ్యా, మేతకూ మందులకూ ఏదో తంటాలు పడుతున్నాం గాని, ఈ కంపుతో వేగలేకున్నాం. పక్కింటివారు తగవుకు వస్తున్నారు. ఏదైనా మందు చల్లితే పోతుందా?”

నేను పంటల సేద్యము బోధించువాడను. కోళ్ల వైద్యుడను కాను. అయినను ఈ కంపు నాకు పాత పరిచయమే. తడి నేలపై పైపైన చల్లి వదలివేసిన యూరియా నుండి గాలిలో కలిసిపోవు వాయువు ఏదో, మీ కొట్టములో కన్ను మండించు వాయువును అదియే. దాని పేరు అమ్మోనియా. అందులో నున్నది నత్రజని. కనుక మీ ముక్కునకు తగులుచున్నది ఉత్త కంపు కాదు. మీ పొలమునకు చేరవలసిన ఎరువు చూరు సందులగుండా పోవుచున్నదని తెలియవలెను.

ఇది ఎట్లు పుట్టుచున్నది? ఆవుకు పేడ వేరు, మూత్రము వేరు. కోడికి రెండును ఒకటే. రెట్టపై తెల్లగా సున్నము పూసినట్లు కనబడునది యూరిక్ ఆమ్లము. అది పొడిగా నున్నంతకాలము పెద్దగా బాధించదు. తడి తగిలినచో సూక్ష్మజీవులు దానిని విరిచి అమ్మోనియాగా మార్చును. తడికి వెచ్చదనము తోడైన యెడల ఈ పని మరింత వడిగా సాగును. వానలు పడి ఉక్కగా నున్న దినములలో కంపు హెచ్చుటకు కారణమిదియే.

ఒక లెక్క చూడుడు. గ్రుడ్లుపెట్టు కోడి దినమునకు నూరు గ్రాములకు పైగా రెట్ట వేయును. అందులో ముప్పాతిక వంతు నీరే. యాభై కోళ్లున్న చోట రోజుకు 5, 6 కిలోల రెట్ట. అనగా సుమారు 4 లీటర్ల నీరు. మీరే ప్రతిదినము ఆ నీటిని తెచ్చి ఊకపై పోయుచున్నట్లు లెక్క. ఆ నీరు ఆవిరియై బయటకు పోవు దారి యున్నచో కంపు లేదు. దారి లేనిచో ఏ మందును దానిని ఆపజాలదు. ఫినాయిలు చల్లినచో రెండు కంపులు కలిసి మూడవ కంపగును, అంతే.

ఈ సంగతి నేను పుస్తకములలో చదివియుండియు నా యింటిలోనే తప్పితిని. కొన్నేండ్ల క్రిందట మా పెరటిలో నలభై కోళ్లుండెడివి. ముసురు పట్టినది. చలిగాలి తగులునని నాలుగు వైపులను గోనె పట్టాలు కట్టి, వారము దినములు విప్పలేదు. ఉదయము సాయంత్రము లోనికి పోయి గ్రుడ్లు తెచ్చుచునే యున్నాను, నాకేమియు తోచలేదు. పొరుగూరినుండి వచ్చిన మా మేనత్త గుమ్మములోనే కొంగు ముక్కున పెట్టుకొని, “ఇదేం కంపురా అబ్బాయ్! నీ ముక్కేమైంది?” అనినది.

ఆమె అడిగినది సరియైన ప్రశ్నయే. రోజూ పీల్చు ముక్కు ఆ వాసనకు అలవాటుపడి చెప్పుట మానివేయును. అప్పుడు నేను కోడి యెత్తుకు వంగి కూర్చుండి చూచితిని. నిలుచున్నప్పుడు లేని ఘాటు అక్కడ ఉన్నది! వాయువు పుట్టునది నేలపైననే. కోడి తల యుండునది ఆ నేలకు జానెడు పైన. నా కన్నులు నీరు కారినవి. మూడు కోళ్లు కన్నులు మూసుకొని, రెప్పల చివర నురుగుతో ఒక మూల నిలిచియున్నవి.

గాలిలో పదిలక్షల పాళ్లకు 25 పాళ్ల అమ్మోనియా దాటినచో కోళ్లకు హానియని నిపుణులు చెప్పుదురు. ఆ మోతాదు పెరిగి కొన్నాళ్లు నిలిచినచో కన్నులు పుండగును. శ్వాసనాళపు లోపలి పొర చెడి కొక్కెర తెగులు వంటివి సులభముగా సోకును. మేత తగ్గును, గ్రుడ్లు తగ్గును. ఊక తడిసియున్నచో రక్తపారుడు వ్యాధిని కలిగించు జీవియు అందులో బలము పుంజుకొనును.

ఇక నేను చేసిన రెండవ తప్పు వినుడు. కంగారులో తట్టెడు సున్నము తెచ్చి కోళ్లుండగనే చల్లితిని. గంట తిరుగకముందే ఘాటు రెట్టింపైనది. సున్నము క్షారము గదా. ఊకలో అణగియున్న అమ్మోనియాను అది ఒక్కసారిగా గాలిలోనికి తరుమును. సున్నము తడిని పీల్చుమాట నిజమే గాని, గాలి ఆడని కొట్టములో, కోళ్లుండగా దానిని వాడరాదు.

కంపు తోచినప్పుడు మొదట మందు కొరకు కాక నీటి కొరకు వెదకుడు. నూటికి తొంబది కొట్టములలో అది నీటితొట్టి చుట్టునే దొరకునని నా అనుభవము. తొట్టి అంచు కోడి వీపు ఎత్తున నుండవలెను. అంతకన్న దిగువనున్నచో కోడి నీటిని చిమ్మును, అందులో కాలుపెట్టును. తొట్టిని ఇటుకలపై నెత్తి, క్రింద ఒక వెడల్పాటి పళ్లెము పెట్టి, దానిపై తీగజల్లెడ పరచినచో చిందిన నీరు ఊకకు చేరదు. నిపుల్ గొట్టములు వాడువారు ఏ చుక్క కారుచున్నదో రోజూ చేతితో తడిమి చూడవలెను. కప్పు కారుట, జల్లు కొట్టుట సరేసరి. మేతలో ఉప్పు హెచ్చినను కోళ్లు ఎక్కువ నీరు త్రాగి పలుచగా రెట్ట వేయును. ఇంటిలో మేత కలుపుకొనువారు దీనిని మరువరాదు.

కోడికి 2 చదరపు అడుగుల చోటైన నుండవలెను. పదడుగుల చదరపు గదిలో యాభై కోళ్లకు మించి పెట్టిన యెడల ఏ ఉపాయమును పారదు.

ఊక తడి నెరుగుటకు పిడికిలి పరీక్ష చాలును. గుప్పెడు తీసి గట్టిగా నొక్కి విడువుడు. ముద్దగా నిలిచినచో తడి ఎక్కువ. పిడికిలి విప్పగనే విడిపోయినచో సరిగా నున్నది. దుమ్ము లేచినచో మరీ పొడి. అదియు కోళ్లకు దగ్గు తెచ్చును. గదిలో నాలుగు మూలలును, తొట్టి దగ్గరను విడివిడిగా చూడవలెను.

వారమునకు రెండు సార్లు పళ్లున్న దంతెతో ఊకను అడుగుదాక తిరగవేయుడు. ముసురు దినములలో రోజూ చేసినను తప్పులేదు. తిరగవేయునప్పుడు పట్టాలు పూర్తిగా ఎత్తియుంచుడు, ఏలయన అణగియున్న వాయువు అప్పుడే లేచును. గట్టిపడిన పెళ్లలను ఏరి బయట పారవేసి, ఆ చోట కొత్త ఊక వేయుడు. ఊక దొరకని సీమలో వేరుశనగ పొట్టు చక్కగా పనిచేయును. చలికి భయపడి పట్టాలు కట్టినను పైన ఒక అడుగు ఖాళీ విడువుడు. కోడికి ఈకలున్నవి, చలికన్న ఉక్కిరిబిక్కిరి దానికి ఎక్కువ చేటు.

ఇన్ని చేసినను వానకాలములో ఘాటు మిగిలినచో సూపరు ఫాస్ఫేటును నూరు చదరపు అడుగులకు సుమారు ఒక కిలో చొప్పున చల్లి వెంటనే ఊకలో కలియబెట్టుడు. దానికి పులుపు గుణమున్నది. అమ్మోనియాను పట్టి ఊకలోనే నిలుపును. గుళికల రకము కోళ్లు ఏరుకొని తినును గనుక పొడి రకమే వాడుడు. అందలి భాస్వరము వృథాపోదు, ఎరువుతో పాటు మీ చేనికే వచ్చును.

కొత్తగా కొట్టము పెట్టువారు ఎండల కాలములోనే ఊక పరచి మొదలుపెట్టుట మేలు. ఊక కుదురుకొని, లోపలి సూక్ష్మజీవులు సమముగా పనిచేయుటకు రెండు నెలలు పట్టును. నడివానలో కొత్త ఊకపై కోళ్లను దింపినవారే ఎక్కువగా నా వద్దకు వచ్చుచున్నారు.

ఇక ఎరువు మాట. పొడిగా నిలుపుకొన్న కోళ్ల ఎరువులో నూటికి 3 పాళ్ల వరకు నత్రజని యుండును. మన పశువుల ఎరువులో అర పాలు. నలభై కోళ్లనుండి ఏటికి ఇంచుమించు ఒక టన్ను ఎరువు వచ్చునని లెక్క. అందులో 30 కిలోల నత్రజని, అనగా 65 కిలోల యూరియాకు సమానము. కంపుకొట్టు కొట్టములో ఇందు సగము పోయినదనుకొనుడు. 32 కిలోల యూరియాను డబ్బిచ్చి కొని గాలికి ఎగురవేసినట్లయినది.

కోళ్లను మార్చునప్పుడు ఊకనంతయు ఎత్తి, నీరు నిలువని మెరక మీద కుప్పవేసి, పైన జానెడు మట్టి కప్పుడు. పక్కింటివారి గాలివాటు చూచుకొని చోటు ఎన్నుకొనుడు. పొలములో చల్లిననాడే దున్ని మట్టిలో కలుపవలెను. మొలకల మొదళ్లలో పచ్చిగా వేసినచో అవి మాడిపోవును. కొట్టము ఖాళీగానున్న ఆ వారమే సున్నము వాడుటకు తగిన సమయము. నేలను కడిగి, ఆరనిచ్చి, గోడలకును నేలకును సున్నము కొట్టి, పూర్తిగా ఎండిన పిదప కొత్త ఊక పరచుడు.