ఉప్పునీళ్లకు కూడా హక్కుదారులున్నారు
(ఆదివాసీ హక్కుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చింది పది నిమిషాలు. అందులో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా గురించే మాట్లాడతా. మన సభలో ఆస్ట్రేలియా ఎందుకన్నా అని ఒక తమ్ముడు పొద్దున అడిగాడు. మనం జల్, జంగిల్, జమీన్ అంటాం కదా. జల్ అనగానే మనకి వాగు గుర్తొస్తుంది, ఊట గుర్తొస్తుంది, చెరువు గుర్తొస్తుంది. సముద్రం మాత్రం గుర్తురాదు. ఆదివాసి అంటే కొండ మీద ఉండేవాడే అని సర్కారు కాగితాలు చూసి చూసి మనకీ అలవాటైపోయింది.

ఆస్ట్రేలియా ఉత్తరం కొసన ఆర్న్‌హెమ్ ల్యాండ్ అని ఒక ప్రాంతం. అక్కడ యోల్ంగు అనే ఆదివాసులున్నారు. వాళ్ల భాషలో డబ్బుని ఏమంటారో తెలుసా? రుపియా. ఇంగ్లీషోళ్లు నేర్పిన మాట కాదది. ఇండోనేషియాలోని మకస్సార్ నుంచి పడవల వాళ్లు ప్రతి ఏటా గాలివాలు చూసుకుని వచ్చి, అక్కడి తీరంలో సముద్ర దోసకాయలు పట్టి, ఎండబెట్టి, చైనాకి అమ్మేవాళ్లు. వాళ్లు తెచ్చిన మాట అది. మన రూపాయి, వాళ్ల రుపియా ఒకే వేరు నుంచి పుట్టినవి. ఆ రాకపోకలు చాలా ఏళ్లు సాగి, 1907లో తెల్ల ప్రభుత్వం ఆపేసేదాకా నడిచాయి. అంటే యోల్ంగులు సముద్రం మీద బేరసారాలు ఎరిగినవాళ్లు. ఎవరూ లేని తీరం అని తర్వాత రాసుకున్నది మాత్రం తెల్లోళ్లు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. యోల్ంగుల్లో మదర్పా అనే ఒక వంశం ఉంది. వాళ్ల మూలపురుషుడు బారు, అంటే మొసలి. మొదట మనిషి రూపంలోనే ఉండేవాడు. నిప్పు అంటుకుని వీపు కాలి, ఆ మంటతోనే సముద్రంలోకి దూకాడు. మొసలి వీపు మీద గరుకుగా ఉండే పొలుసులు ఆ కాలిన మచ్చలే అంటారు. ఆ నిప్పు ఇప్పటికీ నీళ్ల అడుగున మండుతూనే ఉందంటారు. అందుకే అక్కడ సముద్రం అంటే ఒకటే నీళ్లు కాదు. ఏ నీళ్లు ఏ వంశానివి, ఏరు నీళ్లు ఉప్పునీళ్లతో ఎక్కడ కలుస్తాయి, అన్నిటికీ పేర్లున్నాయి, పాటలున్నాయి. మనకి కొండకి దేవత, గట్టుకి పేరు, పొలిమేరకి రాయి ఉన్నట్టే. వాళ్ల పొలిమేర నీళ్లలో కూడా నడుస్తుంది, అంతే తేడా.

1996లో ఏమైందంటే, బ్లూ మడ్ బే దగ్గర బారు నివాసంగా పూజించే చోట అక్రమంగా చేపలు పట్టేవాళ్లు గుడారం వేసిన ఆనవాళ్లు కనపడ్డాయి. వాళ్లు పట్టేది పండుగప్ప. మన గోదావరి మొగలో దొరికే పండుగప్పే. అక్కడ ఒక గోనెసంచిలో, నరికిన మొసలి తల.

ఒక్క నిమిషం ఆలోచించండి. మన జాకారమ్మ గద్దె మీద ఎవడో మందు తాగి, చెత్త పోసి పోతే ఎలా ఉంటుంది? పైగా ఇక్కడ నరికింది వాళ్ల తాతని.

మనమైతే ధర్నా చేస్తాం. వాళ్లు బొమ్మలు గీశారు. జంబావా మరవిలి అనే మదర్పా పెద్ద ముందుకొచ్చాడు. చెట్టు బెరడు మీద 47 మంది కళాకారులు 80 చిత్రాలు గీశారు. సముద్రంలో ఎవరి హద్దు ఎక్కడ, ఏ నీటి కథ ఎవరిది, అంతా వంశాల గుర్తులతో. చూసేవాళ్లకి అందమైన బొమ్మలు, వాళ్లకి మాత్రం అవి పట్టాలు. అవి ఊరూరా ప్రదర్శనకు తిరిగి, 2000లో ఆస్ట్రేలియా జాతీయ సముద్ర మ్యూజియానికి చేరాయి. ఆ పోరాటమే కోర్టుకీ వెళ్లింది.

కోర్టులో తగువు చాలా చిన్న చోటు గురించి. పోటు వచ్చినప్పుడు మునిగి, పాటు తీసినప్పుడు బయటపడే నేల ఉంటుంది చూశారా, అది ఎవరిది? 1976 భూమి హక్కుల చట్టం ప్రకారం ఆదివాసులకి ఇచ్చిన భూమి పాటు గీత దాకా ఉంది. ప్రభుత్వం ఏమందంటే, నేల మీదే కావొచ్చు, దాని మీదకి నీళ్లొస్తే ఆ నీళ్లు అందరివీ, మా లైసెన్సు ఉన్న ఎవరైనా వల వేసుకోవచ్చు. భలే లాజిక్కు. రోజుకి రెండుసార్లు మీ ఇల్లు మీది కాకుండా పోతుందన్నమాట! 2008 జూలై 30న అక్కడి హైకోర్టు, అంటే మనకి సుప్రీంకోర్టు లాంటిది, అయిదుగురు ఒకవైపు ఇద్దరు ఒకవైపు తీర్పిచ్చింది. ఆ నేల మీద నీళ్లున్నా సరే, భూమి హక్కుదారుల అనుమతి లేకుండా చేపల లైసెన్సుతో లోపలికి రాకూడదు. నార్తర్న్ టెరిటరీ తీరంలో దాదాపు 80 శాతానికి ఆ తీర్పు వర్తిస్తుంది.

ఇది ఒక్కరోజులో రాలేదు. 1963లో ఇదే యోల్ంగులు తమ నేలలో బాక్సైట్ తవ్వొద్దని, బెరడు మీద బొమ్మలు గీసి, మధ్యలో అర్జీ అతికించి పార్లమెంటుకి పంపారు. బాక్సైట్ అంటే మన్యం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గని ఆగలేదు. 1971లో జడ్జి, మీకు పద్ధతైన చట్టం ఉందని ఒప్పుకుంటూనే, భూమి మీది అనడం కన్నా మీరే భూమికి చెందినవాళ్లు అనాలి, కాబట్టి ఇది ఆస్తి హక్కు కాదు అని కొట్టేశాడు. మనం గొప్పగా చెప్పుకునే మాటనే మన మీద ఎలా తిప్పుతారో చూడండి. ఆ గని నష్టపరిహారం కేసులో 2025 మార్చిలో హైకోర్టు వాళ్ల వైపు మాట్లాడింది. కేసు వేసిన యునుపింగు అప్పటికి చనిపోయాడు. పోయినవాళ్ల ముందు పేరు పలక్కూడదని వాళ్ల ఆచారం, అందుకే ఇంటిపేరుతో చెబుతున్నా.

అన్నీ గెలుపులే అనుకోకండి. లోతు నీళ్ల మీద వాళ్లకి హక్కు ఉందన్నారు గానీ, ఇతరుల్ని ఆపే హక్కు లేదన్నారు. 2001 క్రోకర్ దీవి కేసులోనూ అదే మాట. తివీ దీవుల వాళ్లు 2022లో గ్యాస్ కంపెనీ డ్రిల్లింగ్ అనుమతిని కొట్టేయించారు, సముద్రంతో సంబంధం ఉన్న మమ్మల్ని అడగలేదని. అదే ప్రాజెక్టు పైపులైను మీద వేసిన కేసు 2024లో ఓడిపోయారు.

ఇక మన దగ్గరికి. శ్రీహరికోట దీవి యానాదులు ఉన్న చోటు. రాకెట్ కేంద్రం వచ్చాక చెదిరిపోయారు. కృష్ణా మొగల్లో మడ అడవుల మధ్య మండపీతలు, చేపలు పట్టి బతికే యానాదులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని ఏ సభలోనైనా స్టేజీ ఎక్కించామా?

2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ఏరియాకే అని చాలామంది అనుకుంటారు. కాదు. అడవి భూమి ఎక్కడున్నా వర్తిస్తుంది. మడ అడవీ అడవే. చేపలు, నీటి ఉత్పత్తుల మీద సామూహిక హక్కు సెక్షన్ 3లో రాసే ఉంది. రుజువు కింద పెద్దల వాంగ్మూలం రాయించొచ్చు, పూజ చేసే చోటు, శ్మశానం చూపించొచ్చు. కాబట్టి కోస్తా నుంచి వచ్చిన తమ్ముళ్లు మధ్యాహ్నం నా దగ్గర కూర్చోండి. ఏ పాయని ఏమంటారు, ఏ పాయలో ఎవరి తాత వల వేసేవాడు, ముసలాళ్లని అడిగి రాసుకుందాం. దరఖాస్తు ఫారాలు తెచ్చాను.