ఎండకు వెల లేదు, మాటకు వెల కలదు
(వార్షిక మహాసభయందు నౌపడలో గావించిన యుపన్యాసము)



ఎండవలనను గాలివలనను బుట్టెడు విద్యుత్తునందు ధనము పెట్టుటనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము గోరిరి. మేము యంత్రశాస్త్ర పండితులము గాము. అయినను, ఉప్పుమడులలో నీరు పెట్టి, యెండచేతను గాలిచేతను దాని నిగిర్చి, యుప్పు పండించు నీ నౌపడలో నీ విషయము క్రొత్తగా దోపదు. ఎండను ధనముగా మార్చు విద్య మన పెద్దలు చిరకాలమునుండి యెఱిగినదే.

కాని యా యుప్పు వెలను నిర్ణయించినది ఎండ గాదు. ఆంగ్లేయ ప్రభుత్వము విధించిన యుప్పుపన్ను 1947లో రద్దగువఱకు, కొనువాని చేతి కాసులలో పెద్దపాలు మడికిగాక ఖజానాకే పోవుచుండెను. ఎండ దైవదత్తము, వెల రాజశాసనము. నేటి సౌరవిద్యుత్తునకు నీ సూత్రమే వర్తించుచున్నది.

ధనవిషయమై మఱియొక దృష్టాంతము మన స్టేషనులోనే కలదు. పర్లాకిమిడి రాజావారు నౌపడనుండి పర్లాకిమిడికి 25 మైళ్ల చిన్న రైలుమార్గము వేయించి 1900లో నడిపించిరి. మొదటి యేండ్లలో నది నష్టమునే చూపెను. వారు ఓర్చిరి గావున కాలక్రమమున లాభము గలిగి, 1931 నాటికి మార్గము గుణుపురమువఱకు సాగెను. సౌరవిద్యుత్తును నిట్టిదే. బొగ్గు కర్మాగారమునకు బొగ్గు ఖర్చు నిత్యము. సౌరపలకలకు ఖర్చంతయు మొదటనే. రాబడి పాతికేండ్లు కొంచెము కొంచెముగా వచ్చును. అందువలన నిచట ప్రధానమైన ముడిసరకు అప్పు. దాని ఖరీదు వడ్డీ.

లెక్క చూతము. ఒక మెగావాటునకు నాలుగు కోట్లు వ్యయమై, సంవత్సరమునకు 15 లక్షల యూనిట్లు పుట్టుననియు, సొమ్మంతయు నప్పేననియు ననుకొందము. నూటికి 8 చొప్పున మొదటి యేటి వడ్డీ 32 లక్షలు. అనగా యూనిట్టునకు 2 రూపాయల 13 పైసలు. నూటికి 12 అయినచో 48 లక్షలు. యూనిట్టునకు 3 రూపాయల 20 పైసలు. ఎండ యొక్కటే, పలక యొక్కటే. వడ్డీ మాఱినంతనే యూనిట్టుపై రూపాయికి మించిన భేదము! మఱి వడ్డీని హెచ్చించునది యేది? ఇచ్చిన మాట నిలుచునో నిలువదో యను ననుమానము.

ఈ యనుమానము మన రాష్ట్రమున నెట్లు పుట్టెనో వినుడు. పూర్వము గాలివిద్యుత్తును యూనిట్టు 4 రూపాయల 84 పైసలవఱకు నిచ్చి కొనుటకు పంపిణీ సంస్థలు దీర్ఘకాలపు టొడంబడికలు చేసికొనెను. తరువాత పలకల వెలలు పడిపోయి, 2017లో రాజస్థానమునందలి భడ్లా వేలములో సౌరవిద్యుత్తు ధర 2 రూపాయల 44 పైసలకు దిగెను. అంతట 2019 జులై 1న రాష్ట్ర ప్రభుత్వము పాత ధరలను తిరిగి బేరమాడుటకొక సంఘమును నియమించెను. ఒడంబడికలను కదలింపవలదని కేంద్ర ప్రభుత్వము లేఖలు వ్రాసెను. వ్యాజ్యము హైకోర్టున కెక్కెను; తాత్కాలికముగా గాలికి 2 రూపాయల 43, సౌరమునకు 2 రూపాయల 44 పైసలు చెల్లింపుమని యుత్తరువాయెను. 2022 మార్చిలో ద్విసభ్య ధర్మాసనము ఆ నియామకపుటుత్తరువును గొట్టివేసి, ఒడంబడిక ధర చొప్పున బకాయిలు ఆఱు వారములలో చెల్లింపుమని తీర్పు చెప్పెను.

ఇందు ప్రభుత్వమువారి వాదమును తేలికగా ద్రోసివేయరాదు. పంపిణీ సంస్థల నష్టము తుదకు మన బిల్లులమీదనే పడును. హెచ్చు ధరకు కొన్నవాడు బాధపడుట సహజము. అయినను, సంతకమైన పిమ్మట ధర మాఱునను భీతి యొకమాఱు పుట్టెనా, తరువాత వచ్చు ప్రతి ఋణదాతయు నా భీతికి వడ్డీ గట్టును. అదియును మన బిల్లులోనికే చేరును. కావున బేరము సంతకమునకు ముందే గట్టిగా నాడవలయును; తరువాత మాట నిలుపవలయును.

ఇక ధనికులు మఱచు నంగీకారము వేఱొకటి కలదు: అది యూరివారి యంగీకారము. బొగ్గు విద్యుత్కేంద్రములు బీల భూములను ముంచునని మన ప్రాంతపు రైతులును మత్స్యకారులును నెదిరింపగా, 2010 జులై 14న సోంపేటయందును, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లియందును పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. సోంపేట కేంద్రము లేవనే లేదు. కాకరాపల్లిది సగములో నిలిచెను. పోయిన ప్రాణములు రావు. పెట్టిన ధనమును చిక్కువడెను. రేపు సౌరపలకలకై భూమి యడుగువారు సైత మీ పాఠము చదువవలసినదే.

మన కర్తవ్య మేమి? ఇంటి కప్పుమీద పలకలు పెట్టుకొనువారికి, 2024 ఫిబ్రవరిలో నారంభమైన సూర్యఘర్ పథకము క్రింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. మిగిలిన సొమ్ముకు వడ్డీ యెంతయో లెక్కించి మఱి దిగుడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరిని జీడిమామిడిని గూల్చిన సంగతి మఱవక, బిగింపు గట్టిదనమును, బీమాను విచారింపుడు. భూమి కౌలు కిచ్చువారు మూడు ప్రశ్న లడుగుడు: విద్యుత్తు కొనువా రెవరు? వారు సకాలమున చెల్లింపనిచో నా కౌలు గతి యేమి? కంపెనీ చేతులు మాఱినచో బాధ్యు లెవరు?

ఈ ప్రశ్నలు మన రైతు ఒంటిగా నడుగలేడు. అతని చేతికి వచ్చెడు కరారుపత్రము ఇంగ్లీషుననే యుండును. కావున మన సంఘమునందలి న్యాయవాదులును లెక్కల పరీక్షకులును గలసి, సభ్యుల పత్రములను సంతకమునకు ముందు తెలుగున చదివి వినిపించు నొక యుపసంఘము నీ సభలోనే యేర్పఱుపవలయునని ప్రార్థించుచున్నాము. ఇందులకు వలయు ధనము స్వల్పము. కాపాడబడునది పాతికేండ్ల భూమి.